నెట్ ముందు మనిషి

నార్డెన్, సస్కాచెవాన్
9 మే 1977

హలోవాటి గారికి,

నా పేరు ఐవర్ స్ట్రాండ్. 1955 నుంచి 59 ఫిబ్రవరి దాకా, మీరు మా ఊరి ఐసు హాకీ జట్టుకి కోచ్‌గా ఉన్న రోజుల్లో, గోల్‌కీపర్‌గా ఆడాను. గుర్తుండే ఉంటుంది. మీరు సాస్కటూన్ వెళ్లాక అక్కడి కుర్రాళ్ల జట్టుని మూడుసార్లు పడమటి కప్పు గెలిపించిన సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాను. నేను ఇక్కడే, రైతుల ధాన్యం నిలవచేసే గిడ్డంగి, ఎలివేటరు చూసుకుంటున్నాను.

ఈ ఉత్తరం నా కోసం కాదు. మా అమ్మాయి లినియాకి పదహారేళ్లు. నార్డెన్ అబ్బాయిల జట్టులో గోల్‌కీపర్. జూలైలో మీరు గోల్‌కీపర్లకి పెట్టే శిక్షణ శిబిరానికి దరఖాస్తు పంపింది. ‘అబ్బాయిలకు మాత్రమే’ అని ఎర్ర సిరాతో రాసి మీ ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. ఆ కాగితం పిండి డబ్బా కింద దాచిపెట్టి మూడు వారాలు మాకు చెప్పలేదు. మా ఆవిడ మార్గిట్ కంటబడింది.

నేను మీకు రాస్తున్నట్టు లినియాకి తెలియదు. నా ముఖం చూసి మేలు చేయాలని మీరు అనుకోనక్కర్లేదు. ఒక రోజు నిలబెట్టి చూడండి. ఆట రాకపోతే ఆ సాయంత్రం బస్సుకే పంపేయండి, నేనేమీ అనుకోను.

ఐవర్ స్ట్రాండ్

*

సాస్కటూన్
16 మే 1977

ఐవర్,

మీ అమ్మాయిని పంపు. జూలై 11 సోమవారం పొద్దున్న ఎనిమిదికల్లా స్కేట్లు కట్టుకుని ఐసు మీద ఉండాలి. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి వేరే గది లేదు. సామాన్ల గది ఖాళీ చేయించి లోపల గడియ పెట్టిస్తాను. ఎర్ర సిరా సంగతి నేను చూసుకున్నాను.

ఒక్కటే షరతు. మాస్కు లేకుండా నా దగ్గర ఎవరూ నెట్ ముందు నిలబడరు, సరదాకి కూడా. పట్టీలు పాతబడి ఉంటే కొత్తవి వేయించు.

నన్ను ‘మీరు’ అన్నావు. నాలుగు చలికాలాలు ఒకే ట్రక్కులో మోకాళ్లు తగిలించుకుని ఊళ్లు తిరిగాం మనం. అలా అనకు అని చెప్పే హక్కు నాకు లేదనుకో.

ఒరెస్ట్

*

నార్డెన్
2 ఆగస్టు 1977

హలోవాటి గారికి,

లినియా క్షేమంగా చేరింది. రెండు మోకాళ్లూ నల్లగా కమిలిపోయాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. వారం రోజులుగా మా ఇంట్లో భోజనాల దగ్గర మీ మాటలే.

మొదటి రోజు మూస్‌జా నుంచి వచ్చిన ఓ కుర్రాడు “మీ వంటింట్లో నెట్ లేదా?” అన్నాడట. అతను కొట్టిన పన్నెండింటిలో పదకొండు ఆపానని చెప్పింది. పన్నెండోది లోపలికి వెళ్లిందని అతను చేతులు రెండూ పైకెత్తి ఊరేగుతుంటే, మీరు దగ్గరికి వెళ్లి “ఆ ఒక్కటీ ఫ్రేము కట్టించుకో” అన్నారట. మార్గిట్ నవ్వింది. మీ పేరు చెబితే మార్గిట్ నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

“ఆయన అరవరు నాన్నా,” అంటోంది లినియా. “అరిచే కోచ్ అయితే వినకుండా తప్పించుకోవచ్చు. ఈయన మెల్లగా మాట్లాడతారు, అందరూ నోళ్లు మూసుకుని దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.”

నాకు తెలిసిన హలోవాటి అరిస్తే ఐసు రింకు పైకప్పు రేకులు అదిరేవి.

ఇంకోటి కూడా అడిగింది. “అందరి మాస్కు పట్టీలూ రోజూ ఆయనే లాగి చూస్తారెందుకు? ఆ పనికి మనుషులున్నారు కదా?” నాకు తెలియదన్నాను. నా కుడి కన్ను హాకీలో పోయిందని లినియాకి తెలుసు. అది మీ జట్టులోనని నేనెప్పుడూ చెప్పలేదు.

అమ్మాయిని బాగా చూసుకున్నందుకు కృతజ్ఞతలు.

ఐవర్ స్ట్రాండ్

*

సాస్కటూన్
14 ఆగస్టు 1977

ఐవర్,

ఎందుకో చెబుతాను. నువ్వు మర్చిపోయావని కాదు, నా చేత్తో నేను రాయాలి కాబట్టి రాస్తున్నాను.

1959 ఫిబ్రవరిలో కెల్‌మోర్ జట్టుతో ఆట. మార్గిట్ తమ్ముడు పడవలు బాగుచేసే గాజునార గుడ్డతో నీకో మాస్కు చేసిచ్చాడు. ఆటకి ముందు దాన్ని సంచిలోంచి తీసి, “కోచ్, ఇది పెట్టుకుంటే ఎలా ఉంటుందంటావ్?” అని అడిగావు. గదిలో పదహారు మంది ఉన్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “ఏంట్రా ఐవర్, దయ్యాల పండగ అక్టోబర్లో కదా?” అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. దాన్ని మళ్లీ సంచిలో పెట్టేశావు.

రెండో పీరియడ్‌లో రాయిలాంటి ఆ రబ్బరు పక్ వచ్చి నీ కంటికి తగిలింది. ఐసు మీద నెత్తురు పారతో గీకారు. నిన్ను ఆసుపత్రికి పంపేసి మిగతా ఆట ఆడించాను. గెలిచాం కూడా. ఆ గెలుపు నా లెక్కలో ఇప్పటికీ ఉంది, పేపరువాళ్లు నా మొత్తం గెలుపులు చెప్పినప్పుడల్లా అదీ అందులో ఉంటుంది.

ఆ వేసవిలోనే నార్డెన్ వదిలేశాను. సాస్కటూన్‌లో చేరిన మొదటి రోజే, గోల్‌కీపర్లు మాస్కు పెట్టుకోవాలన్నాను. జట్టు యజమాని పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. పెద్ద లీగుల్లోనే అప్పటికి పెట్టుకునేవాళ్లు లేరు. అప్పటి నుంచి నాకు కుర్రాళ్లని కనిపెట్టి చూసుకునే కోచ్ అని పేరొచ్చింది. ఇలాంటి ఓపిక ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతుంటారు. అనుభవం అంటాను. నీ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు.

జవాబు రాయాలని లేకపోతే రాయకు.

ఒరెస్ట్

*

నార్డెన్
5 సెప్టెంబర్ 1977

ఒరెస్ట్,

కోతలు మొదలయ్యాయి. బయట ధాన్యం లారీలు పదకొండు వరసలో ఉన్నాయి. రెండు లారీల మధ్య దొరికిన తీరికలో రాస్తున్నాను కాబట్టి మర్యాదలు వెతుక్కునే టైం లేదు.

నువ్వు నవ్వావని పద్దెనిమిదేళ్లు కోపం పెట్టుకున్నాననుకున్నావా? ఆ రోజుల్లో కోచ్‌లందరూ నవ్వేవాళ్లు. నీ స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ని. కన్ను పోయినందుకూ కాదు. ఒంటి కన్నుతో పెళ్లాన్నీ పిల్లనీ ఎలివేటరునీ అన్నిటినీ చూసుకుంటూనే ఉన్నాను.

ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను. రెండు కళ్లకీ కట్లు. జట్టంతా వచ్చింది. మనతో ఆడిన కెల్‌మోర్ వాళ్లు కూడా వచ్చారు. పక్ కొట్టినవాడు వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు, నేనే ఊరుకోబెట్టాను. తలుపు చప్పుడైనప్పుడల్లా బూట్ల చప్పుడు నీదేనేమో అని చెవులు రిక్కించాను. నువ్వు రాలేదు. అదీ నా కోపం.

లారీ వాడు హారన్ కొడుతున్నాడు.

ఐవర్

*

సాస్కటూన్
11 సెప్టెంబర్ 1977

ఐవర్,

వచ్చాను. మూడో రోజు మధ్యాహ్నం. మీ అమ్మ నీకు చెంచాతో సూపు తాగిస్తోంది, గడ్డం మీద కారింది తుడుస్తోంది. తలుపు దాకా వచ్చి అక్కడి నుంచే తిరిగి వెళ్లిపోయాను.

అంతకంటే చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. వెళ్లిపోకుండా ఉండాల్సింది.

ఒరెస్ట్

*

నార్డెన్
25 సెప్టెంబర్ 1977

ఒరెస్ట్,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర పైకే చదివాను. లినియాకి ఇప్పుడు అన్నీ తెలుసు. చదవడం అయ్యాక మార్గిట్ చేతిలో కప్పు కింద పెట్టింది.

“తనంతట తాను వెళ్లిపోలేదు. నేను పొమ్మన్నాను,” అంది.

మార్గిట్ తలొంచుకుని, బల్ల మీది గుడ్డ సర్దుతూ చెప్పింది. “టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను వరండాలోకి వెళ్లి, ఇంకా నవ్వడానికేమైనా మిగిలిందా అని అడిగాను. మళ్లీ ఈ గుమ్మం తొక్కొద్దన్నాను. తొక్కలేదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మొదట్లో కోపంతో. తరువాత ఇన్నాళ్లూ చెప్పలేదు కదా అన్న భయంతో.”

లినియా మా ఇద్దరి వంకా చూసి, “పెద్దవాళ్లు కూడా పిండి డబ్బా కింద కాగితాలు దాచుకుంటారన్నమాట” అంది. దాంతో మార్గిట్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నీ ఉత్తరంలో మార్గిట్ పేరు లేదు. నేను అంత మాట అన్నాక కూడా రాయలేదు. పద్దెనిమిదేళ్లు నా భార్య మాట నిలబెట్టినవాణ్ని ఇప్పుడు ఏమని తిట్టను?

అక్టోబర్ తొమ్మిది ఆదివారం, థాంక్స్‌గివింగ్ భోజనానికి నువ్వూ, మీ ఆవిడ ఒల్యా రండి. మార్గిట్ పిలుస్తోంది, నేను కాదు. నేను పిలిస్తే రాకపోవచ్చు, మార్గిట్ పిలిస్తే రాక తప్పదు.

ఐవర్

*

సాస్కటూన్
6 నవంబర్ 1977

ఐవర్,

మీ ఇంటి నుంచి వచ్చి నెల కావస్తున్నా ఒల్యా ఇంకా మార్గిట్ చేసిన లెఫ్సె రొట్టెల గురించే మాట్లాడుతోంది. ఒల్యా ఇచ్చిన బీట్‌రూట్ ఊరగాయ సీసా మూత తీశారా? నెమ్మదిగా తియ్యండి, చొక్కా మీద పడితే పోదు.

ఇప్పుడు అసలు పని. ఆ రోజు భోజనమయ్యాక నువ్వు ఉప్పు డబ్బాని గోల్‌కీపర్‌ని చేసి, కప్పులు జరిపి, పక్ ఏ పక్క నుంచి వస్తే ఎంత ముందుకు రావాలో లినియాకి చూపించావు. నేను పైకి తింటున్నట్టు నటిస్తూ మొత్తం విన్నాను. ముప్పై ఏళ్లుగా ఆటలో ఉన్నాను, దాన్ని అంత తేలిగ్గా ఎవరూ చెప్పగా వినలేదు.

నా జట్టు గోల్‌కీపర్ లైల్ ఫెహర్‌కి పంతొమ్మిదేళ్లు. చేతులు బంగారం. కానీ పక్ కర్రని వదలకముందే మోకాళ్ల మీద పడిపోతాడు. నేను గోల్స్ కొట్టే ఫార్వర్డుగా ఆడినవాణ్ని, నా మాట సగమే ఎక్కుతుంది. మంగళవారాలు మీ దగ్గర పని తక్కువంటావు కదా, ఇక్కడికి వచ్చి గోల్‌కీపర్లని చూసిపెట్టు. దీనికి మార్గిట్ కాదు, నేనే పిలుస్తున్నాను.

ఒరెస్ట్

*

నార్డెన్
16 నవంబర్ 1977

ఒరే ఒరెస్టూ,

నిన్న నీ లైల్‌ని చూశాను. వాడికి మోకాళ్ల మీద అంత భక్తి ఎందుకు? చర్చికి పంపాల్సినవాణ్ని నెట్‌లోకి పంపావు.

వచ్చే మంగళవారం కూడా వస్తున్నాను. ఎలివేటరుకి మా పక్కింటి హాల్వర్‌ని పెట్టాను. లినియా బడి ఎగ్గొట్టి వస్తానంటే వాళ్లమ్మ గరిట చూపించింది. నీ రింకులో కాఫీ మరీ ఘోరంగా ఉంది. అది మార్చు, లేదా నన్ను ఫ్లాస్కు తెచ్చుకోనివ్వు.

ఐవర్

*

నార్డెన్
23 ఏప్రిల్ 1978, ఆదివారం

ఒరెస్ట్,

నిన్న ఆట అవగానే మాట్లాడకుండా వచ్చేశాను. మాట్లాడితే ఏమనేవాణ్నో అని వచ్చేశాను. ఇవాళ కాస్త చల్లబడ్డాననుకుని కాగితం తీశాను. చల్లబడలేదు.

కప్పు ఎవరిదో తేల్చే ఏడో ఆట. మనం ఒక గోల్ ముందున్నాం. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉన్నాయి. లైల్ మాస్కుకి పక్ తగిలింది, పడ్డాడు, లేచాడు. వేళ్లు ఎన్నని నువ్వు అడిగితే సరిగ్గానే చెప్పాడు. “నేను బాగానే ఉన్నాను కోచ్, ఉంచండి” అన్నాడు. నేను నీ పక్కనే నిలబడి “ఉంచరా, బాగానే ఉన్నాడు” అన్నాను. నువ్వు నా వంక చూడను కూడా చూడలేదు. “రా బయటికి” అని, సంవత్సరమంతా నాలుగు ఆటలు కూడా ఆడని పిల్లాణ్ని లోపలికి పంపావు. రెండు గోల్స్ పడ్డాయి. కప్పు అవతలివాళ్లు ఎత్తుకుపోయారు.

మంగళవారాలు నన్ను పిలిచింది దేనికి? గోల్‌కీపర్ల సంగతి నాకు తెలుసనే కదా? తెలిసినవాడు పక్కనే నిలబడి చెబితే వినకపోతే ఎలా? ఆరు నెలల్లో ఆ కుర్రాణ్ని మోకాళ్ల మీంచి లేపాను. వాడు బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటే చూడలేకపోయాను.

లినియా నీ పక్షం. నాతో మాట్లాడటం మానేసింది.

ఐవర్

*

సాస్కటూన్
26 ఏప్రిల్ 1978

ఐవర్,

నువ్వు తిట్టింది అందింది. ఇంకా నలుగురు తిట్టారు, వాళ్లకంటే నువ్వు నయం, సంతకం పెట్టావు.

లైల్‌ని ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాను. కంటి కింద ఎముక చిట్లింది. మాస్కు ముఖానికి అంటుకుని ఉంటుంది కదా, దెబ్బ లోపలికి దిగిపోయింది. అదే చోట ఇంకొకటి తగిలి ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. రెండు వారాల్లో ఇంటికి పంపుతారు, చూపుకి ఏమీ కాలేదు.

రోజూ వెళ్తున్నాను. మొదటి రోజు నన్ను చూడగానే గోడ వైపు తిరిగాడు. రెండో రోజు “కప్పు పోగొట్టారు” అన్నాడు. “పోగొట్టాను” అన్నాను. ఇవాళ పేకముక్కలు తెమ్మన్నాడు. మూడు ఆటలు ఓడిపోయాను, అందులో రెండు కావాలని కాదు.

వేళ్లు సరిగ్గా లెక్కపెట్టాడన్నావు. నిజమే. కానీ నేను వాడి కుడి పక్కన వేళ్లు చూపిస్తే, తల మొత్తం తిప్పి చూశాడు. నీకు నీ కుడి పక్కన ఉన్నదేదైనా చూడాలంటే తల అలాగే తిప్పాలి. ఆరు నెలలుగా నిన్ను చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది. లోపల వాచి ఆ పక్కంతా మసకబారిందట, డాక్టరు తరువాత చెప్పాడు.

ఇంకో సంగతి నీకు ఫిబ్రవరి నుంచి చెప్పకుండా దాచాను. హామిల్టన్‌లో పెద్ద లీగు జట్టొకటి నన్ను సహాయ కోచ్‌గా రమ్మంది. కప్పు గెలిస్తేనే పిలుస్తారనుకున్నాను. ఓడిన మర్నాడే ఫోన్ చేసి, ఇంకా రమ్మంటున్నారు. నాకు యాభై రెండేళ్లు. పాతికేళ్లుగా ఆ ఫోన్ కోసం ఎదురుచూశాను, తీరా వచ్చాక ఒల్యాని “వెళ్లమంటావా?” అని అడుగుతూ కూర్చున్నాను. “ఐవర్‌ని అడుగు” అంటోంది.

ఒరెస్ట్

*

నార్డెన్
30 ఏప్రిల్ 1978

ఒరే,

నీ ఉత్తరం ఎలివేటరు మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను.

శనివారం ఆ కుర్రాడు లేచి నిలబడ్డప్పుడు నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఒక కన్ను పోగొట్టుకున్నవాణ్ని, అందరికంటే దగ్గరగా నిలబడి, ఉంచమన్నాను. వాడు తల తిప్పడం నాకు కనిపించలేదు. కనిపించినా పట్టించుకునేవాణ్నో కాదో. నెట్ ముందు నిలబడేవాడికి అక్కడి నుంచి కదలకపోవడం ఒక్కటే తెలుసు.

అందుకే ఇప్పుడు ఒకటి చెబుతున్నాను, మార్గిట్‌కి కూడా నిన్ననే చెప్పాను. ఆ మాస్కు నేను సంచిలోంచి అందరి ముందూ ఎందుకు తీశాను? నిన్ను పక్కకి పిలిచి అడగొచ్చు. అసలు అడగకుండా పెట్టేసుకోవచ్చు. ఎవరో ఒకరు నవ్వాలనే అక్కడ తీశాను. నవ్వితే దాన్ని తిరిగి సంచిలో పెట్టేసి, ఇంటికెళ్లి ‘కోచ్ వద్దన్నాడు’ అని మార్గిట్‌కి చెప్పుకోవచ్చు. మాస్కు పెట్టుకుంటే పిరికివాడంటారని భయపడింది నేను. నువ్వు నవ్వకుండా ఉండాల్సింది, అది నీ తప్పే, దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోను. కానీ మొత్తం నీదని ఇన్నేళ్లు నువ్వు మోస్తుంటే, నేను హాయిగా మోయనిచ్చాను.

ఇక హామిల్టన్. వెళ్లు. నన్ను అడగమన్న ఒల్యాకి, నేను వెళ్లమంటానని ముందే తెలుసు. పాతికేళ్లు ఎదురుచూసినవాడు ఫోన్ మోగితే ఎత్తాలి. కొత్త కోచ్ ఎవరైనా సరే, మంగళవారాలు నేను సాస్కటూన్‌లోనే ఉంటాను. వయసు దాటకముందు లైల్‌కి ఆ కుర్రాళ్ల జట్టులో ఇంకో ఏడాది ఆట మిగిలి ఉంది. లినియా సెప్టెంబర్లో సాస్కటూన్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టులో చేరుతోంది. నిన్న నాతో మాట్లాడింది. “తప్పయిందని ఆయనకి రాశావా?” అని అడిగింది. రాస్తున్నానన్నాను.

తప్పయింది. రాశాను.

ఐవర్

*

హామిల్టన్, ఒంటారియో
22 అక్టోబర్ 1978

ఒరే ఐవర్,

నిన్న మొదటి గెలుపు. అయిదు, రెండు. అంతకుముందు నాలుగు ఓడిపోయాం కాబట్టి ఊళ్లోవాళ్లు నన్ను ఇప్పుడిప్పుడే పలకరిస్తున్నారు. ఒల్యాకి ఇక్కడ ఉక్రెయిన్ వాళ్ల చర్చి దొరికింది, పెరోగీ పిండివంటలు చుట్టే ఆడవాళ్లు దొరికారు. ఇక ఈ ఊరు వదలమన్నా వదలదు. నాకు మాత్రం ఆకాశం చిన్నదిగా ఉంది. ఏ వైపు చూసినా ఏదో ఒకటి అడ్డం.

ఇక్కడి ఆటగాళ్లు పెద్దవాళ్లు, పేరున్నవాళ్లు. నేను మెల్లగా మాట్లాడితే దగ్గరికి రారు, రేడియో పెంచుతారు. మొదటి వారం ఒకడు, గోధుమ పొలాల నుంచి వచ్చానని, నన్ను గోధుమ తాతా అన్నాడు. ఊరుకున్నాను. గోధుమ తాత చెప్పినట్టు ఆడి నిన్న రెండు గోల్స్ కొట్టాడు, ఇప్పుడు ఉత్త తాతా అంటున్నాడు.

గోల్‌కీపర్ పేరు రెజాన్. ముప్పై ఒక్కేళ్లు, మూడు జట్లు మారాడు, ఎవరి మాటా వినడని పేరు. గురువారం అతనితో విడిగా కూర్చుని, నువ్వు ఉప్పు డబ్బాతో చూపించిందంతా మా క్యాంటీన్ బల్ల మీద మిరియాల డబ్బాతో చూపించాను. మొదట చేతులు కట్టుకుని చూశాడు. తరువాత కట్టిన చేతులు విప్పి తనే కప్పులు జరపడం మొదలుపెట్టాడు. శుక్రవారం ప్రాక్టీసులో ఎడమ పక్క నుంచి ఒక్కటి కూడా లోపలికి పోలేదు. నిన్న ఆటలో ముప్పై నాలుగు ఆపాడు.

ఆట అయ్యాక పేపరువాళ్లు వెళ్లిపోయారు. అతను ప్యాడ్లు విప్పుకుంటూ అడిగాడు, “మీరు ఫార్వర్డుగా ఆడారట కదా. గోల్‌కీపర్ల గురించి ఇదంతా ఎవరు నేర్పారు?”

“ఐవర్ స్ట్రాండ్, నార్డెన్,” అన్నాను.

“ఎప్పుడూ వినలేదే.”

“విన్నావుగా ఇప్పుడు,” అన్నాను. “ఇంకోసారి చెప్పు ఆ పేరు.”

చెప్పాడు. ఫ్రెంచివాడు కదా, నీ ఇంటిపేరుని ముక్కుతో పలికాడు. రెండోసారి కాస్త నయం.

ఒరెస్ట్